తడి లేని పరుపు

రాహతీకి అడగడం చేతకాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆవిడ గురించి సగం తెలిసినట్టే. పక్కింట్లో ఉప్పు అడగదు. తెలియని వీధిలో దారి అడగదు, మూడుసార్లు తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది కానీ. పుట్టింది దాల్ సరస్సులో, కాపురాల పడవలో. పెళ్ళయ్యాక సమద్ తన షికారా పడవలో ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చి, మట్టిగోడల గదిలో దింపినప్పుడు, కింద నేల కదలకపోయేసరికి వారం రోజులు నిద్ర పట్టలేదట. ఆ మాట మొగుడికి చెప్పింది నలభై ఏళ్ళ తర్వాత, అదీ ఏదో నవ్వులాటలో.

కుట్టు కూడా అలాగే వచ్చింది. తల్లి ఇచ్చిన చేతిమిషను ఉంది, నేర్పేవాళ్ళు లేరు. ఉన్నారు కానీ అడగాలి కదా. చలికి వేసుకునే పొడుగు చొక్కా, పాత ఫెరన్ ఒకటి తీసుకుని, కుట్లన్నీ విప్పేసి, ముక్కలు నేల మీద పరుచుకుని, మళ్ళీ కలిపి కుట్టింది. మొదటిసారి చేతులు వీపు వైపుకి వచ్చాయి. రెండోసారి సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత ఆ సందులో సగంమంది ఒంటిమీద రాహతీ కుట్టిన ఫెరన్లే.

పిల్లలు లేరు. ఉన్నదల్లా షికారా. సమద్ తండ్రి దగ్గరుండి దేవదారుతో చేయించినది. దాంతో పాటు వంతెన పక్క రేవులో ఒక చోటు. రేవులో చోటంటే మామూలు విషయం కాదు. వరస ప్రకారం బేరాలు వస్తాయి, పడవ చూసి నచ్చితే యాత్రికులు ఎక్కుతారు, నచ్చకపోతే పక్క పడవకి పోతారు. చోటు లేని షికారాకి సరస్సంతా ఉన్నా నీళ్ళు లేనట్టే లెక్క.

ఆ శరదృతువులో చినారు ఆకులు రాలుతుండగా రేవు పెద్ద గఫార్ కాక్ వచ్చి సమద్ పడవ ముందు నిలబడ్డాడు. కాక్ అంటే అన్న. గఫార్‌ని అరవయ్యేళ్ళవాళ్ళు కూడా కాక్ అనే అంటారు.

"సమదా, నీ పరుపులోంచి దూది బయటికొచ్చి నన్ను పలకరిస్తోందిరా."

"చలికాలంలో మార్చేస్తా కాక్."

"మార్చు. మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నాను. పోయిన వారం ఒకావిడ నీ పడవ దిగి, ఆ పరుపు మీద మేక పడుకుంటుందా అని నన్నడిగింది. బాదం పూశాక వరసగా మూడు బేరాలు నీ పడవ చూసి మొహం తిప్పుకున్నాయంటే నీ చోటు ఇంకొకడిది. ఇది నా ఒక్కడి మాట కాదు, రేవు మాట."

పక్కనే రొట్టెల బట్టీ సుల్తాన్ నిలబడి ఉన్నాడు, పొద్దుటి రొట్టెలు రేవులో పంచి వెళ్ళబోతూ. "ఎండిన దేవదారు నా పొయ్యిలో చక్కగా మండుతుంది కాక్, ఎప్పటికైనా నాకే ఇప్పించు" అన్నాడు. అందరూ నవ్వారు. సమద్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి ఆ నవ్వు తప్ప మిగతాదంతా పెళ్ళానికి చెప్పాడు.

రాహతీ కాసేపు కాంగ్డీ కుంపట్లో నిప్పులు కదుపుతూ కూర్చుంది. తర్వాత లేచి, అటక మీది రాగి సమావారు దించి, బూడిదతో తోమింది. మర్నాడు దాన్ని రాగిపాత్రలవాడికి ఇచ్చేసి అదే పూట మఖమల్ పట్టుకొచ్చింది. దానిమ్మ గింజ రంగు. తానులో చివరి ముక్క, అంతకంటే ఒక్క వేలెడు కూడా దుకాణంలో లేదు. ఆ సమావారులో టీ తాగని చుట్టం వాళ్ళకి లేడు. ఇక మీదట కెటిల్లోనే.

దారిలో వలీ దర్జీ దుకాణం. రేవులో పడవలన్నిటికీ గలీబులూ తెరలూ కుట్టేది అతనే. రాహతీ చంకలో మూట చూసి కత్తెర పక్కన పెట్టాడు.

"ఏం చెల్లీ, మఖమల్‌లా ఉందే. ఇలా ఇవ్వు, కొలతలు నాకు తెలుసు."

"నాకూ తెలుసు."

"మఖమల్ ఫెరన్ బట్ట కాదమ్మా. దానికో తలా తోకా ఉంటాయి. కత్తెర పెట్టేముందు ఒక్కసారి నాకు చూపించు, చాలు. కూలీ ఏమీ వద్దు."

"నా పడవకి లాగు తొడగడానికి ఊళ్ళో మగాళ్ళెవరూ అక్కర్లేదు వలీ కాక్" అంది రాహతీ, నడక ఆపకుండానే. వలీ నవ్వి కత్తెర తీసుకున్నాడు. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని రాహతీ తనలో తనే మురిసిపోయింది. తలా తోకా అట! బేరం పోతోందని చెప్పే కబుర్లు కాకపోతే బట్టకి తలేమిటి, తోకేమిటి?

పెద్ద చలి మొదలైంది. సరస్సు అంచుల్లో గడ్డకట్టింది. కిటికీలకి లోపలినుంచి ప్లాస్టిక్ కాగితం మేకులు కొట్టారు, దాని మీద మంచు పేరుకుని పగలే గదిలో బల్బు వెలిగించాల్సి వచ్చేది. ఆ బల్బు కింద రాహతీ పాత పరుపులు విప్పింది. దూది నల్లగా, ఉండలు ఉండలుగా ఉంది. దూదేకులవాణ్ణి పిలిచి ఏకించింది. పాత గలీబు ముక్కల్ని వార్తాపత్రికల మీద పరిచి ఆకారం గీసుకుంది.

షికారా పరుపులు రెండు ఉంటాయి. ఒకటి కూర్చునేది, వెనక దిండుకి ఆనుకుని ఉంటుంది. రెండోది దాని ముందు, కాళ్ళు బార్లా చాపుకునేది. పడవ ముక్కు వైపుకి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక పరుపులూ అంతే. వెనక వెడల్పు, ముందు ఇరుకు. ఆ కాగితం ఆకారాలు రెండింటినీ ఒకే వైపు తిప్పి మఖమల్ మీద పెడితే బట్ట రెండు జానలు తక్కువొచ్చింది. ఎంత సర్దినా రెండు జానలే. రాహతీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా వాటినే చూస్తూ కూర్చుంది. సమద్ అన్నం పెట్టమని రెండుసార్లు అడిగి, తనే వడ్డించుకున్నాడు.

సాయంత్రానికి లేచి, ఒక కాగితాన్ని తలకిందులు చేసింది. ఒకదాని వెడల్పు పక్కన రెండోదాని ఇరుకు. రెండూ ఒకదాని పక్కన ఒకటి అచ్చంగా అమరిపోయాయి. బట్ట చాలడమే కాదు, ఒక చిన్న దిండు గలీబుకి సరిపడా మిగిలింది కూడా. అతుకు ఒక్కటి లేదు. రాహతీకి ఒళ్ళంతా పులకరించింది. "ఇలా చూడవయ్యా" అని సమద్‌ని రెక్క పట్టుకుని లాగింది. సమద్ చూసి "ఔను" అన్నాడు. "ఔను" అంతేనా? ఆ వలీగాడు నాలుగు అతుకులేసేవాడు! రాహతీ ఇంకేమీ ఆలోచించకుండా కత్తెర పెట్టేసింది.

కుట్టడానికి నెలన్నర పట్టింది. మఖమల్ మిషను పాదం కింద జారిపోతుంది, అందుకని ముందు చేత్తో టాకాలు వేసి, తర్వాత మిషను మీద కుట్టింది. అంచుల్లో తాడు పెట్టి మడిచింది. మధ్య మధ్య పెద్ద సూదితో దారపు ముడులు దింపింది, దూది కదలకుండా. కింది వైపు ముతక గుడ్డ, ఎప్పుడూ పడవలకి వేసేదే. ఒక పరుపు పూర్తికాగానే దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టి, రెండోది మొదలుపెట్టింది. వేళ్ళు పగిలాయి. కూర వండుతూంటే పగుళ్ళలో కారం మండేది. అయినా ఆ చలికాలం ఆవిడ గొంతులో పాట వినిపించింది, ఎప్పుడో గాని వినపడనిది. సందులోని ఆడవాళ్ళు వచ్చి, తడిమి చూసి, "రాణీగారి పానుపులా ఉంది మాసీ" అన్నారు.

బాదం పూసింది. సమద్ పరుపుల్ని పడవలో పరిచి తాళ్ళతో కట్టిన రోజు మబ్బూ వానా. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎండ కాసింది, యాత్రికులు వచ్చారు.

మొదటి బేరం బొంబాయి కొత్త జంట. సమద్ వంతు. అతను పడవ వెనక, ఎత్తు దిండు అవతల, తన చోటులో తెడ్డు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆ పిల్ల మెట్టు మీంచి వంగి లోపలికి చూసింది. మొగుడి చెవిలో ఏదో చెప్పింది.

"తడిగా ఉంది కదా" అన్నాడు ఆ అబ్బాయి.

"తడా? లేదు సాహెబ్, పొడి, పూర్తిగా పొడి!" సమద్ ముందుకొచ్చి పరుపు మీద అరచేత్తో అటూ ఇటూ రుద్దాడు. రుద్దినకొద్దీ పరుపు మీద చెయ్యి గుర్తులు తేలాయి, కొంత నలుపు, కొంత ఎరుపు, సగం ఆరిన బట్టలా. ఆ పిల్ల తన పట్టుచీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని పక్క పడవకి నడిచింది.

"సమదా, నీళ్ళు బయటికి తోడుతున్నావా, లోపలికి తోడుతున్నావా?" అని పక్క పడవ లస్సా అరిచాడు, ఆ బేరాన్ని ఎక్కించుకుంటూ.

ఇంటికొచ్చి చెబితే రాహతీ ముక్కు మీద కోపం లేచింది. "నువ్వే తెడ్డు తిప్పి చిమ్మి ఉంటావు. నలభై ఏళ్ళ నుంచి తెడ్డు వేస్తున్నావు, ఇంకా నీళ్ళు ఎటు పోతాయో తెలీదు నీకు!"

"నేను తెడ్డు నీళ్ళలో ముంచనే లేదే."

"అయితే పడవ కారుతోంది."

పడవ కారడం లేదు. సమద్ అడుగు పలకలన్నీ తడిమి చూశాడు. అయినా తడి అంటున్నది కూర్చునే పరుపునే కాబట్టి రాహతీ దాన్నొక్కదాన్నే విప్పించి, ఇంటి కప్పు మీద రెండు రోజులు ఎండబెట్టింది. ఎండలో అది దానిమ్మ గింజలాగే ఉంది. ముద్దొచ్చేలా ఉంది. ముక్కు ఆనించి వాసన చూసింది. కొత్త దూది వాసన తప్ప ఏమీ లేదు.

మళ్ళీ కట్టారు. రెండో బేరం కలకత్తా కుటుంబం, ఎనిమిదిమంది, రెండు పడవలు కావాలి. లస్సా పడవ నిండింది. మిగిలిన నలుగురిలో ముసలాయన సమద్ పడవ దగ్గర ఆగి, చేతికర్రతో పరుపు చూపించి, "నాకు కీళ్ళవాతం నాయనా, తడి మీద కూర్చోలేను" అన్నాడు మర్యాదగా.  గఫార్ కాక్ దూరంగా హుక్కా పీలుస్తూ రెండు వేళ్ళు చూపించాడు.

 మర్నాడు పొద్దున్నే రాహతీ పొయ్యి ఆర్పేసి, తలగుడ్డ కట్టుకుని, సమద్ వెంట రేవుకి వచ్చింది. అక్కడికి రావడం ఆవిడకి అలవాటు లేదు. పడవ ఎప్పుడూ వెనక నుంచి ఎక్కేది, సమద్ పక్కన. ఈసారి యాత్రికులు నిలబడే మెట్టు మీద, పడవ ముక్కుకి ఎదురుగా నిలబడింది. సరస్సు మీంచి పొద్దుటెండ ఏటవాలుగా పడుతోంది.

కాళ్ళు చాపుకునే పరుపు నిగనిగలాడుతోంది. దాని వెనక కూర్చునేది నల్లగా, బకెట్టు నీళ్ళు కుమ్మరించినట్టు ఉంది.

రాహతీ పడవలోకి దిగింది. ముందు పరుపు మీద చెయ్యి వేసి నిమిరింది. మఖమల్ నూగు మెత్తగా దిండు వైపుకి వాలింది. వెనక పరుపు అదే వైపుకి నిమిరితే చేతికి ఎదురు తిరిగింది, పిల్లిని తోక నుంచి తల వైపుకి నిమిరినట్టు. మళ్ళీ నిమిరింది. ఆ మధ్యాహ్నం కాగితాన్ని తలకిందులు చేసిన తన చెయ్యి గుర్తొచ్చింది. తలా తోకా. నూగు ఒకదానిది అటు, ఒకదానిది ఇటు; చూసేవాళ్ళ వైపుకి తిరిగినది తడిసినట్టు నల్లబడుతోంది. పరుపుని అటుదిటు తిప్పి వెయ్యడానికి లేదు, ఇరుకు ముక్కు వైపే ఉండాలి. బోర్లా వెయ్యడానికి లేదు, కింద ముతక గుడ్డ. ఇంకో ముక్క కొయ్యడానికి బట్ట లేదు, బట్ట కొనడానికి సమావారు లేదు.

"ఏమైందే?" అన్నాడు సమద్ దిండు వెనక నుంచి.

"ఏమీ కాలేదు" అంది.

అప్పుడే మెట్ల మీదికి ఒక కుటుంబం వచ్చింది. తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. వరస సమద్‌ది. ఆ తల్లి వంగి చూసి, పెదవి విరిచి, "అయ్యో, ఇది తడిసిపోయిందే" అంది.

రాహతీ జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. "కాదు తల్లీ, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం చూడు" అంటూ ఆ నల్లటి పరుపు మీద కూలబడింది. ఒళ్ళు మొత్తం బరువు పెట్టి కూర్చుంది. అటూ ఇటూ కదిలింది. లేచి, వాళ్ళ వైపు వీపు తిప్పి, ఫెరన్ వెనక భాగం రెండు చేతులా పట్టుకుని చూపించింది. "చూడు, పొడి! ఎక్కడైనా తడి ఉందా? ముట్టుకుని చూడు!"

ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. రేవులో పడవలవాళ్ళందరూ నవ్వారు. లస్సా ఈల వేశాడు. ఆ తల్లి సిగ్గుపడి, పిల్లల్ని కసిరి, "నమ్ముతాను అవ్వా, అది కాదు, వేరే పడవ చూసుకుంటాంలే" అంది. ఆవిడ కళ్ళు మాత్రం పరుపు మీదే ఉన్నాయి. రాహతీ కూర్చున్న చోట పెద్ద మచ్చ తేలింది, ఎవరో తడిబట్టలతో కూర్చుని లేచినట్టు.

వాళ్ళు వెళ్ళాక నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. గఫార్ కాక్ హుక్కా పక్కన పెట్టి వచ్చాడు. చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "సమదా..." అన్నాడు. మూడో వేలు ఎత్తి దించేశాడు. రేవు మాట రేవు మాటే. సమద్ తాడు విప్పి, తెడ్డు అందుకున్నాడు. రాహతీ మళ్ళీ ఎప్పట్లాగే వెనక, అతని పక్కనే కూర్చుంది.

ఒడ్డు మీద వలీ దర్జీ దుకాణం ముందు నుంచే పోవాలి. అతను గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. అతని మొహంలో వెక్కిరింత ఉంటే రాహతీకి ఎంతో తేలిగ్గా ఉండేది.

"నూగు తిరగబడిందా చెల్లీ?"

రాహతీ తల ఊపింది.

"బట్ట చాలలేదా?"

"రెండు జానలు."

వలీ నిట్టూర్చాడు. "అతుకు వేస్తే పోయేదమ్మా. కూర్చునేదానికి, దిండు కింద దాగిపోయే వైపు. ఎవడికి కనపడుతుంది? ఈ రేవులో అతుకు లేని పడవ ఏదైనా ఉందా? అన్నీ నేను కుట్టినవేగా."

అతుకు. మిగిలిన ముక్కతో తను ఒక చిన్న దిండు కూడా కుట్టింది, చివర్లకి కుచ్చులు కూడా పెట్టింది. సమద్ తెడ్డు వేస్తూనే ఉన్నాడు, వలీ గొంతు వెనకబడిపోయింది. ఆ రోజు కాదు, ఆ తర్వాత కాదు, సమద్ పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని రాహతీ ఎన్నోసార్లు అనుకుంది. రెండుమూడుసార్లు కావాలనే కయ్యానికి దిగింది. అతను పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి బయటికి పోయేవాడు.

చోటు లేని షికారాని ఎవరూ కొనలేదు. కూరగాయల తోటలవాళ్ళకి అడుగు బలంగా ఉన్న పడవ కావాలి, ఇది ముసలిది. ఎండాకాలం మధ్యలో సుల్తాన్ మనుషులు వచ్చారు. సుల్తాన్ తను రాలేదు, సిగ్గుపడ్డాడేమో. గొడ్డలి మొదటి దెబ్బకి దేవదారు వాసన సందంతా కమ్మింది, కొత్త చెక్కలా. సమద్ ఇంట్లోకి వచ్చి పడుకున్నాడు. మర్నాటి నుంచి రాహతీ రొట్టెల కోసం రెండు సందులు దాటి వేరే బట్టీకి పోతోంది.

సమద్ ఇప్పుడు తోటలవాళ్ళ దగ్గర సరస్సు నాచు లాగే కూలికి పోతాడు. చెయ్యి భుజం పైకి లేవదు, అయినా పోతాడు. పరుపులు రెండూ గదిలో గోడవారగా వేసుకున్నారు, ఒకదాని ముందు ఒకటి, పడవలో ఉన్నట్టే. బల్బు వెలుగులో రెండూ ఒకే రంగు. వచ్చినవాళ్ళు "ఎంత బాగా కుట్టావు మాసీ" అంటారు. రాహతీ కెటిల్లోంచి ఉప్పు టీ పోసిస్తుంది. చిన్న దిండు సమద్ తల కింద పెట్టుకుంటాడు.

ఒక మధ్యాహ్నం సమద్ మేనకోడలు చూడడానికి వచ్చింది, అవతలి ఒడ్డు నుంచి. ఉక్కగా ఉందని తనే కిటికీ తలుపులు బార్లా తీసింది. ఎండ లోపలికి వచ్చి పరుపుల మీద పడింది. ఆ పిల్ల కూర్చోబోయి ఆగింది. వంగి, వెనక పరుపు మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"పొడిగానే ఉందమ్మా, కూర్చో" అన్నాడు సమద్, పడుకున్నవాడు లేవకుండానే, రేవులో యాత్రికులతో అన్న గొంతుతోనే.

రాహతీ చేతిలో కెటిల్ కింద పెట్టి, వెళ్ళి కిటికీ మూసేసింది. చలికాలపు ప్లాస్టిక్ కాగితం ఇంకా అటక మీదే ఉంది. అది దించి, మేకులు వెతుక్కుని, ఆ ఉక్కలోనే మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.